కార్డు కొనేముందు మూత విప్పి చూడండి



మా చిన్నాన్న కొడుకు పట్నంలో డిప్లొమా చదువుతున్నాడు. సెలవుల్లో కాఫీ పండ్లు కోసిన కూలి దాచుకుని, ఆఫీసులో వాడేసిన పాత కంప్యూటర్ కొన్నాడు. ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయని, మిగిలిన డబ్బంతా పెట్టి ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. మూత విప్పి చూస్తే ఆ కార్డుకు కరెంటు ఇచ్చే వైరే లోపల లేదు! కొట్టు ఆయన వెనక్కి తీసుకోనన్నాడు. అలా మీలో ఎవరికీ జరగకూడదని ఇది రాస్తున్నాను.

గ్రాఫిక్స్ కార్డు పని ఏమిటి?

తెర మీద బొమ్మ గీయడం దాని పని. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. హెచ్చవేస్తే 20,73,600. ఆట సాఫీగా ఆడాలంటే సెకనుకు 60 బొమ్మలు కావాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలు! 4కె తెరకు ఇంకా నాలుగు రెట్లు. కాబట్టి తక్కువ డబ్బున్న వాళ్ళకు ఫుల్ హెచ్‌డీ తెర చాలును.

కొనేముందు చూడవలసినవి

1. కరెంటు: ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కార్డు గుచ్చే స్లాట్ నుండి 75 వాట్లే వస్తాయి. అంతకు మించితే పవర్ సప్లై నుండి వేరే వైరు రావాలి. 6 పిన్నుల వైరు 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తాది. అన్న కొన్న కార్డుకు 170 వాట్లు కావాలి. స్లాట్ ఒక్కటే ఎలా సరిపోద్ది?

పేరు చూసి కూడా మోసపోకూడదు. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 2022లో వచ్చిన 8 జీబీ కార్డుకు 130 వాట్లు కావాలి. అదే పేరుతో 2024లో వచ్చిన 6 జీబీ కార్డుకు 70 వాట్లు చాలు. పేరు ఒకటే, ఆకలి వేరు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి 75 వాట్లు. ఈ చిన్న కార్డుల్లో చాలావాటికి వేరే వైరు అక్కరలేదు. అయినా పిన్నుల చోటు ఉందో లేదో చూసే కొనాలి.

2. చోటు: ఆఫీసు కంప్యూటర్ డబ్బా సన్నంగా ఉంటే పొట్టి కార్డే పడుద్ది. స్కేలు పెట్టి కొలవండి.

3. ప్రాసెసర్: మన వంటశాలలో పొయ్యిలు పది ఉన్నా, బియ్యం కొలిచి ఇచ్చేవాళ్ళు ఒక్కరే అయితే అన్నం ఆలస్యమే కదా! ప్రాసెసర్ పాతదైతే పెద్ద కార్డు కూడా అలాగే ఖాళీగా కూర్చుంటాది.

4. వరుస: పెద్ద కార్డే కావాలనుకుంటే ముందు మంచి పవర్ సప్లై కొనాలి. తర్వాత ఎన్ని కార్డులు మార్చినా అది పనికొస్తాది. కానీ కొన్ని ఆఫీసు కంప్యూటర్లలో దాని ఆకారమే వేరు, బయట కొన్నది పట్టదు. అన్నది అలాంటిదే.

చివరికి అన్న ఆ కార్డును నష్టానికి అమ్మి, వాడిన 1650 కొన్నాడు. వైరు అక్కరలేదు, ఆట నడుస్తోంది. “స్క్రూడ్రైవర్ ముందు తీసుంటే డబ్బు మిగిలేది” అంటాడు.

— 9వ తరగతి విద్యార్థిని