ఫలితాల రోజు వెబ్‌సైట్ ఎందుకు మొరాయిస్తుంది? తెర వెనుక ఏం జరుగుతుంది?

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. రాజన్న సిరిసిల్ల జిల్లా రుద్రంగిలో ఓ విద్యార్థి హాల్‌టికెట్ నంబర్ కొట్టి ఎదురుచూస్తున్నాడనుకుందాం. ఫోన్‌లో సిగ్నల్ ఉంది, వీడియోలు వస్తున్నాయి. ఫలితాల పేజీ మాత్రం తెరుచుకోదు. తెలంగాణలో ఏటా దాదాపు 5 లక్షల మంది ఈ పరీక్షలు రాస్తారు. అందరూ ఒకేసారి ఒకే సైట్‌పై పడితే వచ్చే ఇబ్బంది ఇది.

లోడ్ బ్యాలెన్సర్ పనేంటి?

శివరాత్రికి వేములవాడలో భక్తులను క్యూలైన్లుగా విడదీసినట్టే, వచ్చే రిక్వెస్టులను లోడ్ బ్యాలెన్సర్ పలు సర్వర్లకు పంచుతుంది. ఏ సర్వర్ పనిచేస్తోందో తరచూ తనిఖీ చేస్తుంది. స్పందించని సర్వర్‌కు కొత్త రిక్వెస్టులు పంపదు.

డేటా సెంటర్ లోపల దారులు

సర్వర్ల మధ్య కూడా ఒకే దారి ఉండదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం బెల్ ల్యాబ్స్‌కు చెందిన చార్లెస్ క్లోస్ 1953లో ప్రతిపాదించిన అమరికే నేటి పెద్ద డేటా సెంటర్లకు ఆధారం. ఇందులో ఒక చోటి నుంచి మరో చోటికి సమాన దూరంలో ఎన్నో దారులుంటాయి. డేటా ముక్కల వరుస తప్పకుండా, ఒక కనెక్షన్‌కు చెందిన ముక్కలన్నిటినీ సాధారణంగా ఒకే దారిలో పంపుతారు. చిక్కేమిటంటే, రెండు భారీ కనెక్షన్లు ఒకే దారిలో పడితే అక్కడ రద్దీ పెరుగుతుంది. పక్క దారి మాత్రం ఖాళీగా ఉంటుంది.

అసలు ఇరుకు ఎక్కడ?

ఎన్ని సర్వర్లు పెట్టినా, అవన్నీ ఒకే డేటాబేస్‌ను అడిగితే క్యూ అక్కడికి మారుతుందంతే. ఫలితాలు మారవు కాబట్టి ముందే కాపీలు తీసి పలు చోట్ల ఉంచొచ్చు. దరఖాస్తులు, ఫీజుల సంగతి వేరు. ప్రతి ఎంట్రీ తప్పుల్లేకుండా ఒక్కసారే నమోదు కావాలి. చివరి తేదీన సైట్లు మొరాయించడానికి ఇదో ముఖ్య కారణం.

మీరేం చేయాలి?

- పదే పదే రిఫ్రెష్ చేయొద్దు. ప్రతిసారీ కొత్త రిక్వెస్ట్ వెళ్తుంది. పాతది లోపల ఇంకా నడుస్తూ ఉండొచ్చు.
- ఫలితాలైతే కాసేపు ఆగి చూడండి. మార్కులు ఎక్కడికీ పోవు.
- దరఖాస్తును చివరి రోజు దాకా ఉంచొద్దు. గడువు దాటితే సీటో, ఉద్యోగ అవకాశమో చేజారుతుంది.
- ఫీజు కట్టేటప్పుడు పేజీ ఆగిపోతే వెంటనే మళ్లీ చెల్లించొద్దు. బ్యాంకు మెసేజ్, దరఖాస్తు స్టేటస్ చూశాకే ముందుకెళ్లండి.