పొందూరు చిలపకు వచ్చే డబ్బు: ఢిల్లీలో లెక్క అడిగేదెవరు?

మీరు కొనే పొందూరు ఖాదీ పంచెకో, చీరకో ‘ఖాదీ మార్క్’ ట్యాగ్ ఉందో లేదో ఎప్పుడైనా చూశారా? 2013 నాటి నిబంధనల ప్రకారం ఆ ముద్ర లేకుండా ఏ బట్టనూ ఖాదీ పేరుతో అమ్మకూడదు. ఆ ముద్ర ఇచ్చేది ముంబయి కేంద్రంగా పనిచేసే ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ (కేవీఐసీ). ఖాదీ సంస్థలకు నిధులు పంపేదీ అదే. అంటే డబ్బు పెట్టేదీ, తప్పు పట్టేదీ ఒక్కరే. మరి ఆ కమిషన్ లెక్కలు చూసేదెవరు?

ముందు పొందూరు సంగతి. ఇక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఒంటి కదురు రాట్నంపై సన్నని నూలు వడికే మహిళలున్నారు. 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ నూలు తీసుకుని కూలి చెల్లిస్తుంది. దేశవ్యాప్తంగా వడుకు కూలిని కేవీఐసీ 2023 ఏప్రిల్‌లో చిలపకు 7.50 నుంచి 10 రూపాయలకు పెంచింది. 2024 అక్టోబరులో అది 12.50, 2025 ఏప్రిల్‌లో 15 రూపాయలైంది. పెంపు ప్రకటించేది కమిషన్. చేతిలోంచి కూలి ఇవ్వాల్సింది మాత్రం స్థానిక సంస్థలే. ఉత్పత్తి మీద వచ్చే సాయం, బ్యాంకు అప్పుకు 4 శాతం పోను మిగతా వడ్డీ రాయితీ ఢిల్లీ నుంచి కదిలి రావాలి. అది ఆలస్యమైతే సంస్థ దగ్గర నగదు ఆడదు. ఆ దెబ్బ చివరికి రాట్నం దగ్గరికే వస్తుంది.

ఆ డబ్బు దారి చూద్దాం. 1956 చట్టం ప్రకారం కేవీఐసీ ఏటా తన బడ్జెట్ తయారు చేసి కేంద్రానికి పంపాలి. ఆమోదించేది ప్రభుత్వం, పార్లమెంటు కాదు. సభ ముందుకు వచ్చేది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ మొత్తం పద్దు. కేవీఐసీ వాటా అందులో కొన్ని వరుసలు.

ఇక్కడో చిక్కుంది. వార్తల్లో ‘కేవీఐసీకి ఇన్ని కోట్లు’ అని పెద్ద అంకె కనిపిస్తే అదంతా ఖాదీకే అనుకోకండి. 2008-09 నుంచి నడుస్తున్న ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అంటే పీఎంఈజీపీ, దేశస్థాయిలో కేవీఐసీ చేతిలోనే ఉంది. అది ఊళ్లలో, పట్టణాల్లో కొత్త యూనిట్లు పెట్టేవారికి బ్యాంకు రుణంపై ఇచ్చే రాయితీ. వడికేవాళ్ల కూలికీ దానికీ సంబంధం లేదు. ఏ పథకం పేరు మీద ఎంత అన్నది విడిగా చూస్తేనే విషయం తెలుస్తుంది.

సభలో ఆ వరుసల దాకా వెళ్లే తీరిక ఉంటుందా? చాలాసార్లు ఉండదు. గడువు దగ్గరపడితే మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒక్కసారే ఓటుకు పెడతారు. దాన్నే గిలెటిన్ అంటారు. 2018 మార్చిలో లోక్‌సభ ఒక్క శాఖ పద్దుపైనా చర్చించకుండా అన్నింటినీ ఆమోదించింది.

అసలు పరిశీలన జరిగేది పరిశ్రమల స్థాయీ సంఘంలో. 31 మంది సభ్యులు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో వీళ్లు అధికారులను పిలిచి కూర్చోబెడతారు. ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది, ఎందుకు మిగిలింది అని ప్రశ్నిస్తారు. అయితే కోత తీర్మానం లాంటిది సూచించే అధికారం సంఘానికి లేదు. సిఫార్సులు పాటించి తీరాలనీ లేదు. 3 నెలల్లో ఏం చేశారో ప్రభుత్వం చెప్పాలి, అంతే. పదును తక్కువే, కానీ ప్రశ్నా జవాబూ రెండూ కాగితం మీద మిగులుతాయి.

ఖర్చయ్యాక లెక్కలు కాగ్ చూస్తుంది. ఆడిట్ చేసిన లెక్కలు, వార్షిక నివేదిక ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లో, అంటే డిసెంబరు 31లోగా ఉభయ సభల ముందుకు రావాలి. ఆలస్యమైతే కారణం రాసి ఇవ్వాలి. ఆ కారణాల కాగితం చదివి చూడండి, ఒక్కోసారి అసలు నివేదిక కంటే ఎక్కువ చెబుతుంది.

పొందూరు శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో ఉంది. అక్కడి ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. మంత్రులు స్థాయీ సంఘాల్లో సభ్యులుగా ఉండరు, సభలో ప్రశ్నలు వేయరు. మంత్రివర్గంలో మాట చెల్లుబాటు కావచ్చు గానీ, సభలో ప్రశ్న రూపంలో కదలాలంటే రాజ్యసభ సభ్యులో, పక్కనున్న విజయనగరం ఎంపీయో అడగాలి.

స్థాయీ సంఘం నివేదికలు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో కేవీఐసీ పేరు వెతికి, కేటాయింపు, ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి. పొందూరుకు ఈ ఏడాది ఎంత సాయం మంజూరైంది, ఏ తేదీన చేరింది అన్నది మాత్రం అక్కడ ఉండదు. దానికి కేవీఐసీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవాలి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మంజూరు తేదీ, జమ తేదీ విడివిడిగా అడగండి.