కుడితి గోళెంలో రసాయనం

ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో, తల్లాడ చుట్టుపక్కల పాడి ఉన్న ప్రతి ఇంటి పెరట్లో ఒకప్పుడు కుడితి గోళెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే. ఎండాకాలం ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి పైన నురగ, పుల్లటి వాసన, అడుగు నుంచి ఒక్కొక్కటే పైకొచ్చి పగిలే బుడగలు. బర్రెలు పోయిన ఇళ్లలో ఇప్పుడు అదే అన్నం ప్లాస్టిక్ సంచిలో చెత్తబండి ఎక్కుతోంది. కుప్ప అడుగున గాలి తగలక కుళ్లి మీథేన్ అవుతోంది. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కించే వాయువది.

దాన్ని పట్టుకుని వాడుకోవచ్చని సికింద్రాబాద్‌లోని బోయినపల్లి కూరగాయల మార్కెట్ చూపించింది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో కట్టిన అక్కడి ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థంతో 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల ఇంధనం ఇస్తుందని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. కరెంటు మార్కెట్ దీపాలకు, గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి.

కుళ్లిన టమాటాను ముందు జావలా రుబ్బుతారు. గాలి చొరని ట్యాంకులో కొన్ని సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి. మరికొన్ని ఆ చక్కెరను పులియబెట్టి ఆమ్లాలు చేస్తాయి. వెనిగర్‌లో ఉండేది, ముక్కిన వెన్నలో కంపు కొట్టేది ఇవే. చివరి జాతి ఆ పులుపును తిని మీథేన్ వదులుతుంది. చిక్కంతా ఇక్కడే. పులియబెట్టేవి చురుకైనవి, గ్యాస్ చేసేవి నిదానం. ఒక్కసారిగా పెళ్లిభోజనం మిగులంతా కుమ్మరిస్తే పులుపు పేరుకుని గ్యాస్ ఆగిపోతుంది. గోబర్ గ్యాస్ గుంతకు మొదట పేడ పోసేది ఊరికే కాదు. గ్యాస్ చేసే జీవులు అందులోనే ఉంటాయి, పులుపును కొంత ఓర్చుకునే గుణమూ దానికుంది.

అయితే ఆ పులుపే కావాలనుకుంటే? గ్యాస్ చేసే జీవులను అణచి, ప్రక్రియను ఆమ్లాల దగ్గరే ఆపితే హైడ్రోజన్, దాంతోపాటు పరిశ్రమలకు పనికొచ్చే ఆమ్లాలు దక్కుతాయి. ఆ ఆమ్లాలను కొన్ని బ్యాక్టీరియాలకు మేపితే, మన ఒంట్లో కొవ్వులాగా అవి తమలో ఒక పాలిమర్ దాచుకుంటాయి. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ అది. ఐఐసీటీలోనే శాస్త్రవేత్త వెంకటమోహన్ బృందం ఏళ్లపాటు ఈ దారిలో పనిచేసింది. కాకపోతే నీళ్లలోంచి ఆమ్లాన్ని వేరుచేయడం ఖర్చుతో కూడిన పని. అందుకే మండల కేంద్రాలకు ముందు గ్యాస్ ప్లాంటే తగినదని నా అభిప్రాయం. మిగిలిన స్లర్రీ ఎలాగూ పొలానికి ఎరువు.

ఏ ప్లాంటుకైనా ప్లాస్టిక్ కవర్లే శత్రువు. కుడితిలో చిన్న దారప్పోగు పడినా అమ్మమ్మలు మోచేతి దాకా చెయ్యి ముంచి తీసేవాళ్లు, బర్రె తాగేది కదా అని.