కండ డబ్బాలో లేదు, కంచంలో ఉంది!

మచిలీపట్నం: పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి వెళ్ళే యువకుడు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలి. పొట్ట తగ్గాలి, ఛాతీ పెరగాలి అన్న ఆదుర్దాతో దివిసీమ పల్లెల కుర్రవాళ్ళు కొందరు బందరు, గుడివాడ జిమ్‌ల బాట పడుతున్నారు. అక్కడ పొడి డబ్బాలకు వేల రూపాయలు పోస్తున్నారు.

డబ్బాలో ఏముంది?

పాలు విరిగినప్పుడు పైకి తేలే తేట నీటి నుంచి తీసిన మాంసకృత్తులే ఈ 'వే ప్రొటీన్' పొడి. ఒక మోతాదులో సాధారణంగా 20 నుంచి 25 గ్రాములుంటాయి. నాలుగు కోడిగుడ్లు తిన్నా అంతే. వంద గ్రాముల పెసల్లోనూ, ఉలవల్లోనూ 20 గ్రాములకు పైనే ఉన్నాయి. వరి కోసిన మాగాణిలో పెసర, మినుము పండించే డెల్టా రైతు బిడ్డకు ఇవి కొత్తవి కావు. చెరువు చేప ఉండనే ఉంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార నియమాల్లో, కండల కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని సలహా ఇచ్చింది. దీర్ఘకాలం అతిగా వాడితే ఎముకలకు, మూత్రపిండాలకు హాని కలగవచ్చని హెచ్చరించింది. బరువులెత్తే వారికైనా శరీర బరువులో కిలోకు 1.6 గ్రాములు దాటితే అదనపు లాభం లేదని తెలిపింది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 96 గ్రాములు మించి అక్కరలేదు.

క్రియాటిన్ అనే పొడి బరువులెత్తే శక్తిని కొంత పెంచే మాట నిజమే. అయితే అది కొవ్వును కరిగించదు. మొదట్లో పెరిగే బరువు చాలావరకు కండల్లో చేరే నీరే.

అసలు ప్రమాదం

కొవ్వు కరిగిస్తామనే మాత్రలతో మరింత జాగ్రత్త అవసరం. బరువు తగ్గించే సిబుట్రమిన్ మందును గుండెకు ముప్పని 2011లో మన దేశంలో నిషేధించారు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు పడిపోయిన రక్తపోటును పెంచే మెఫెంటర్మిన్ ఇంజక్షన్లను జిమ్‌లకు వెళ్ళే వారికి అమ్ముతుండగా హైదరాబాదు పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి. కండల కోసం వాడే స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. సంతానలేమికీ దారితీస్తాయి.

కొవ్వు తగ్గుతూ కండ పెరగడం అసాధ్యమేమీ కాదు. కొత్తగా కసరత్తు మొదలుపెట్టిన వారికి, ఒళ్ళున్న వారికి అది సాధ్యమే. కాని వారాల్లో కాదు, నెలల్లో. పూటకు గుప్పెడు అన్నం తగ్గించి, ఆ మేరకు పప్పు, గుడ్డు, చేప పెంచాలి. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తాలి. రాత్రి కంటినిండా నిద్రపోవాలి.

అయినా పొడి కొనదలచిన వారు డబ్బా మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగనిదే ముట్టుకోరాదు. సూది వేస్తామన్న చోటికి మాత్రం మళ్ళీ వెళ్ళకపోవడమే మేలు. ఉద్యోగం ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తుంది. పాడైన గుండె బాగుపడడం కష్టం.