పాలు పడని బిడ్డ, పాలిచ్చే తల్లి



ఎన్ని స్కాలర్‌షిప్పులు ఇచ్చాం, ఎన్ని రేషన్ కిట్లు పంచాం అన్న లెక్కలు ఏటా ఈ సంచికలో మీ ముందు పెడుతుంటాం. ఈసారి లెక్కతో పాటు ఒక పొరపాటు కూడా చెప్పుకోవాలి. అది మా చేతుల మీదుగానే జరిగింది. తెలియక చేసిందే. కానీ తెలిశాక కూడా చెప్పకపోతే తప్పవుతుంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వచ్చే పెద్ద రోడ్డు వెనక సందుల్లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, కర్రీ పాయింట్ల నడుమ ఒక్క గది ఇళ్లల్లో కాపురముండే కుటుంబాలు చాలా ఉన్నాయి. మగవాళ్లు హోటళ్లలో, దుకాణాల్లో పని చేస్తారు, ఆటోలు నడుపుతారు. ఆ ఇళ్లల్లో కాన్పయిన తల్లులకు మన సంఘం తరఫున ఒక కిట్ ఇస్తున్నాం. బియ్యం, పప్పు, ఖర్జూరాలతో పాటు పాలపొడి, నెయ్యి, బిస్కట్ ప్యాకెట్లు అందులో ఉంటాయి. బాలింతకు పాలు పడాలంటే పాలు తాగాలని మన ఇళ్లల్లో అందరూ అనేదే కదా. మేమూ అలాగే అనుకున్నాం.

కిట్ అందుకున్న ఒక అమ్మాయి ఇంటికి, బిడ్డకు రెండున్నర నెలలు నిండినప్పుడు వెళ్లాం. మహబూబ్‌నగర్ వైపు నుంచి బతకడానికి వచ్చిన కుటుంబం. భర్త ఇరానీ హోటల్లో పని చేస్తాడు. బిడ్డ బుగ్గల మీద ఎర్రటి పొక్కులు ఉన్నాయి. విరేచనంలో జిగురు, దానిలో సన్నటి నెత్తురు చారలు. పాలు తాగిన కాసేపటికే వెనక్కి విరుచుకుని ఏడుపు. అత్తగారు విసిగిపోయి ఉంది. "దీని పాలలోనే దోషముంది. డబ్బా పాలు పట్టమంటే వినదు" అన్నది. ఆ అమ్మాయి తల వంచుకుని, "నా పాలే పడతలేవట ఆపా. మానెయ్యమంటుండ్రు" అన్నది. ఆమె పక్కన గ్లాసు నిండా పాలున్నాయి. మేమిచ్చిన పాలపొడితో కలిపినవే.

పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చెప్పింది విన్నాక, ఆ తర్వాత చదివి తెలుసుకున్నాక, ఇది మన దాతలందరికీ తెలియవలసిన విషయమనిపించింది.

అసలు జరిగేది ఏమిటి?

ఆవు పాలలో, గేదె పాలలో కొన్ని మాంసకృత్తులు ఉంటాయి. కేసిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటివి. తల్లి పాలు, పెరుగు, వెన్న తిన్నప్పుడు వాటిలో అతి కొద్ది భాగం ఆమె చనుబాలలోకి చేరుతుంది. చాలామంది పిల్లలకు దానివల్ల ఏమీ కాదు. కొద్దిమంది పిల్లల శరీరం మాత్రం దాన్ని శత్రువుగా ఎంచి ఎదురుతిరుగుతుంది. పేగు లోపలి పొర వాస్తుంది, నెత్తురు చారలు పడతాయి, చర్మం మీద పొక్కులు లేస్తాయి. కాబట్టి దోషం తల్లి పాలలో లేదు. ఆమె తిన్న పాడి పదార్థం నుంచి వచ్చిన చిటికెడు ప్రొటీనే బిడ్డకు పడలేదు.

దీన్ని లాక్టోజ్ పడకపోవడంతో కలిపి చూడకూడదు. లాక్టోజ్ పాలలోని చక్కెర. తల్లి శరీరమే దాన్ని తయారుచేసుకుంటుంది. ఆమె పాలు తాగినా మానినా చనుబాలలో దాని మోతాదు మారదు. అందుకే లాక్టోజ్ లేని పాలు తెచ్చి తల్లికి తాగిస్తే ప్రయోజనం లేదు. ప్రొటీన్ అందులోనూ ఉంటుంది.

ఇది ఎంతమందిలో కనిపిస్తుంది? పసిపిల్లలందరినీ లెక్కిస్తే నూటికి ఇద్దరు ముగ్గురిలో అని అంచనా. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో ఇంకా అరుదు, సుమారు రెండు వందల మందిలో ఒకరు. కనుక ఏడ్చే ప్రతి బిడ్డకూ ఇదే జబ్బు అనుకుని ప్రతి తల్లి చేతా పాలు మాన్పించకూడదు. మొదటి మూడు నెలల్లో పిల్లలు సాయంత్రం పూట ఏడవడం సహజం. మామూలుగా ఎదుగుతున్న బిడ్డ పాలు కాస్త కక్కుకున్నా భయం లేదు. తేల్చవలసింది డాక్టరే.

ఎలా తేలుస్తారు? ఇలా మెల్లగా బయటపడే రకానికి రక్త పరీక్ష, చర్మ పరీక్ష ఉపయోగపడవు. తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాడి పదార్థాలన్నీ పూర్తిగా మానాలి. బిడ్డ కుదుటపడితే, డాక్టరు చెప్పినట్లు మళ్లీ మొదలుపెట్టి చూడాలి. లక్షణాలు తిరిగి వస్తే కారణం తేలినట్టే. రాకపోతే తల్లి నిశ్చింతగా పాలు తాగవచ్చు. చాలామంది ఈ రెండో మెట్టు వదిలేసి, అవసరం లేకుండానే నెలల తరబడి తల్లిని పస్తు పెడతారు.

ఒక్క మాట. బిడ్డ బరువు పెరగకపోయినా, నెత్తురు ఎక్కువగా పడినా, పాలు తాగడం మానేసినా, ముఖం వాచి ఊపిరి ఆడకపోయినా వారాల తరబడి చూస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ లక్డీకాపూల్. 1953లో మొదలైన నిలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆస్పత్రి అక్కడికి దగ్గరే.

ఆ తల్లి రోజు ఎలా గడుస్తుంది?

పాలు మానమని చెప్పడం తేలికే. మానడం ఎంత కష్టమో ఆ ఇంట్లో చూశాం. భర్త హోటల్ నుంచి తెచ్చే ఇరానీ చాయ్‌తోనే తెల్లవారుతుంది. పక్కన ఉస్మానియా బిస్కట్. రెండింటిలోనూ పాడి ఉంది. పుట్టింటి నుంచి వచ్చిన అచ్వానీలో నెయ్యి. నెయ్యి కాచినా కొంత ప్రొటీన్ మిగిలే అవకాశం ఉంది కాబట్టి పరీక్ష జరిగే రోజుల్లో అదీ వద్దన్నారు. రాత్రి మిగిలి ఇంటికొచ్చే బిర్యానీలో మాంసం పెరుగులో నానింది. కర్రీ పాయింట్ కూరలో ఏం కలిపారో తెలియదు. ఎవరింట్లో అఖీఖా అయినా డబుల్ కా మీఠా, ఈదంటే షీర్ ఖుర్మా. "ఒక్క చెంచాకు ఏమైతది?" అని పెద్దవాళ్లు పెట్టబోతే కాదనడం కొత్త కోడలికి సులభమా?

మేకపాలు తాగమని ఒకావిడ, గేదెపాలు మంచివని ఇంకొకావిడ సలహా ఇచ్చారు. వాటి ప్రొటీన్లూ ఆవుపాల వాటిని పోలినవే. ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి అవీ పడవు. సోయా పాలు కూడా కొందరికి పడవు కాబట్టి డాక్టరును అడిగే తాగాలి. ప్యాకెట్ల మీద మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ అని ఉంటే అవి పాల నుంచి వచ్చినవే. పాలు కలిసిన సంగతి ప్యాకెట్ మీద ప్రకటించాలని మన దేశపు ఆహార నిబంధనలు చెబుతున్నాయి. చదివి చెప్పడానికి మనిషి కావాలి. ఆ పని ఆ ఇంట్లో మరదలు చేసింది. తొమ్మిదో తరగతి పిల్ల.

మన హైదరాబాదీ వంటలో పాలు అవసరం లేనివి ఎన్నో ఉన్నాయి. ఖట్టీ దాల్, నూనెతో చేసిన బగారా అన్నం, గోంగూర మాంసం, తలావా గోష్త్, పెరుగు వేయని బగారా బైంగన్, మిర్చీ కా సాలన్. చివరి రెండింటిలో నువ్వులు, పల్లీలు, కొబ్బరి నూరి వేస్తాం. చాయ్‌కి బదులు సులేమానీ. గుడ్లు, చేపలు, పప్పులు డాక్టరు చెబితే తప్ప మానకూడదు.

మిగిలింది కాల్షియం. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. పావు లీటరు పాలు మానితే సుమారు 300 మిల్లీగ్రాములు పోయినట్టు. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 ఉంటుంది. వంద గ్రాముల నువ్వుల్లో వెయ్యికి పైగా ఉన్నా రోజూ తినేది చెంచాల లెక్కనే. మునగాకులోనూ ఉంది. అయినా తిండితోనే మొత్తం పూడదు. డాక్టరు రాసిన కాల్షియం, విటమిన్ డి మాత్రలు తప్పవు. పైగా మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. పేద ఇంట్లో పాలు తీసేసి ఆ చోట ఇంకేదీ పెట్టకపోతే అది వైద్యం కాదు, ఆకలి.

అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద తల్లులకు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఈ అమ్మాయి పాలకు భయపడి అక్కడికి వెళ్లడమే మానేసింది. పాలు వదిలి అన్నం, గుడ్డు తినవచ్చని చెప్పి మళ్లీ పంపాం.

డబ్బాలు కొనిద్దామా?

ఈ సంగతి విని ఒక దాత మంచి మనసుతో డబ్బా పాలు కొనిస్తానన్నారు. మామూలు డబ్బాల్లో ఎక్కువ భాగం ఆవుపాలతో చేసినవే. అవి పట్టిస్తే చిటికెడు పడని బిడ్డకు గిన్నెడు పోసినట్టవుతుంది. దీనికోసం చేసిన ప్రత్యేకమైన డబ్బాలు ఉన్నాయి గానీ ఖరీదెక్కువ. తల్లిపాలు అసలే అందని బిడ్డకు డాక్టరు రాస్తే వాడతారు. ఇంకో సంగతి. 1992లో వచ్చిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం, అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ ఇలాంటి డబ్బాలు గానీ పాలసీసాలు గానీ దానంగా పంచకూడదు. దానం పేరుతో తల్లిపాలు మాన్పించే ప్రమాదం ఉంది గనకే ఆ నిబంధన.

సూరా బఖరా 233వ ఆయత్ రెండేళ్ల పాలకాలాన్ని చెబుతూనే, పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల బాధ్యత తండ్రి మీద ఉంచింది. తాహతుకు మించి ఎవరి మీదా భారం వేయలేదు. ఆ తండ్రి జీతం చాలనప్పుడు మనం తోడు నిలవవలసింది కూడా అక్కడే, తల్లి కంచం దగ్గర.

ఆ బిడ్డ సంగతి చెప్పాలి. మూడో వారానికి నెత్తురు చారలు ఆగిపోయాయి. ఐదో వారంలో డాక్టరు చెప్పినట్లు ఆమె పాలచాయ్ మొదలుపెట్టింది. మూడో రోజున చారలు మళ్లీ కనిపించాయి. కారణం తేలిపోయింది. ఇప్పుడు బిడ్డకు తొమ్మిది నెలలు. రాగిజావ తాగుతున్నాడు, తల్లిపాలూ తాగుతున్నాడు. ఏడాది దాటాక డాక్టరు సమక్షంలో పాలు ఇచ్చి చూస్తారు. చాలామంది పిల్లలకు ఒకటి నుంచి మూడేళ్ల లోపు ఇది తగ్గిపోతుంది. దోషమన్న అత్తగారే ఇప్పుడు కోడలికి నువ్వులు, పల్లీలు దంచి పొడి చేస్తోంది.

మాలో ఎక్కువమందిమి బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లవాడికి ఏం తెలుసో అడగాలని బీఎడ్‌లో నేర్చుకున్నాం. కిట్ చేతికిచ్చే ముందు తల్లిని అడగడం మాత్రం మరిచాం. ఈ ఏడాది నుంచి బిడ్డ విరేచనం ఎలా ఉంది, చర్మం ఎలా ఉంది, బరువు పెరుగుతోందా అని అడిగాకే కిట్ ఇస్తున్నాం. మామూలు తల్లులకు పాలపొడి అలాగే ఉంటుంది, అది వాళ్లకు మేలే. డాక్టరు పాలు మానమన్న తల్లికి దాని బదులు రాగిపిండి, నువ్వులు, పల్లీలు, నెలకు సరిపడా గుడ్ల డబ్బు, కాల్షియం మాత్రలు ఇస్తున్నాం.

మీరిచ్చే జకాత్, సదఖాల నుంచి అడిగేది ఇదే. డబ్బాలు వద్దు. ఆ తల్లి కంచం ఖాళీగా లేకుండా చూస్తే చాలు. బిడ్డకు కావలసింది ఆమే ఇస్తుంది.