బొంతలో వెలిసిన వన్నెలు

తెలుగులో బొంత, ఉర్దూలో గుదడీ. పేరేదైనా, పాత చీరలు, పంచెలు, లుంగీలు పొరలుగా పరచి, వరుస కుట్లతో బిగించినదే అది. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో దానిని లేమికి గుర్తుగా ఎంచి, అతిథులు రాగానే దాచివేసే వారున్నారు. చదువుకొనే రోజులలో మేమూ ఆ పని చేసిన వారమే.

అంతటితో ఆగక, ఒక పండుగకు మిగిలిన కొత్త ఎర్రగుడ్డను, మా దాదీ వద్దంటున్నా వినక, బొంత నడుమ వేయించాము. అప్పటి నుండి చూపంతా ఆ ముక్క మీదనే. తక్కిన రంగులన్నీ మాసినట్లు తోచాయి. తొలి ఉతుకులోనే ఎరుపు దిగి చుట్టూ పాకింది.

దాదీ మాటలోని శాస్త్రం తరువాత బోధపడింది. పారిస్‌లోని గోబెలిన్ కర్మాగారంలో అద్దకపు శాఖాధిపతి షెవ్రల్, నల్లరంగు వెలవెలబోతున్నదన్న ఫిర్యాదును పరిశోధించి, దోషం రంగులో లేదనీ, పక్క రంగుల ప్రభావమనీ గ్రహించాడు. 1839లో దానిపై గ్రంథమే వెలువరించాడు. పాతగుడ్డలో ఈ పోరు ఉండదు. ఎండకు, ఉతుకుకు ఎరుపు ఇటుక వన్నెకూ, నీలం బూడిద ఛాయకూ దిగి పరస్పరం ఒదుగుతాయి. నిలువని రంగు అంతకు ముందే చాలావరకు పోయి ఉంటుంది గనుక అంటుకొనే భయమూ తక్కువ.

మచిలీపట్నం కలంకారీ పలంగ్‌పోషులు, అనగా మంచంపై పరచే గుడ్డలు, ఈ నిదానాన్ని అద్దకంలోనే సాధించాయి. కరక్కాయ రసంలో నానిన బట్టపై ఇనుము, బెల్లం ఊరిన నీరు నలుపునిస్తుంది. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు పడుతుంది. గుడ్డ అంతటికీ కరక్కాయ పొత్తు ఉండడమే ఆ పొందికకు ఒక కారణమని మా అభిప్రాయం.

అయితే అన్నీ వెలిసిన రంగులే అయితే బొంత బురదవలె కనిపించవచ్చు. అందుకు వెలుగునీడల తేడా కావాలి. ముక్కలు పరచి, కళ్ళు సగం మూసి చూస్తే ఏది ఏ పక్కముక్కలో కలిసిపోతున్నదో తెలుస్తుంది. అక్కడ తెల్లపంచె ముక్కగాని, ముదురు లుంగీ ముక్కగాని వేయాలి. కొత్తగుడ్డ తప్పనిసరైతే, తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. రంగు అంటితే పక్కన పెట్టాలి.

దాదీ ఆ ఎర్రముక్కను విప్పి, వెలిసిన తన నీలిచీర చెంగు వేసి కుట్టింది. చుట్టూ పాకిన గులాబి మరక మాత్రం నేటికీ ఉన్నది. ఆ బొంతను మేమిప్పుడు అతిథులకే పరుస్తున్నాము.