విజ్ఞాన ప్రదర్శనములు: పెద్దల కర్తవ్యము

ఫిబ్రవరి 28వ తేది సమీపించినదన్న మన పాఠశాలలు పెక్కు ప్రదర్శనశాలలుగా మారును. 1928వ సంవత్సరమున ఆ దినముననే శ్రీ సి. వి. రామన్ పండితుడు తన పేర ప్రసిద్ధమైన కాంతి ఫలితమును కనుగొనెను. 1987వ సంవత్సరము మొదలు ఆ దినమును జాతీయ విజ్ఞాన దినముగా దేశమంతటను జరుపుకొనుచున్నాము. నాడు వరండాలలో బల్లలు వేసి, వానిపై బాలబాలికలు తాము తెచ్చిన వస్తువులను నిలిపి, వచ్చిన పెద్దలకు వివరింతురు. ఐదవ తరగతి లోపు పసివారు సైతము ఇందు పాల్గొనుట మిక్కిలి సంతోషింపదగిన విషయము.

అయినను ఆ బల్లలను కొంత నిదానముగా చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. థర్మోకోలుతో కట్టిన ఆనకట్ట, వంటసోడా పోసినంతనే పొంగు అగ్నిపర్వతము, బ్యాటరీతో తిరుగు గాలిమర - ఇవి ఏ యూర చూచినను ఒక్క తీరుననే యుండును. ఎనిమిదేండ్ల బిడ్డ చేతికి సాధ్యము కాని నునుపు వానియందు కనబడుచుండును. తండ్రి రాత్రి మేల్కొని చేసినది కొంత, అంగడిలో కొని తెచ్చినది కొంత. బిడ్డ వంతునకు మిగిలినది కంఠస్థము చేసిన నాలుగు వాక్యములు మాత్రమే. చూడవచ్చినవారు నడుమ ఒక ప్రశ్న వేసినచో ఆ బిడ్డ తడబడి, మొదటి వాక్యము నుండి మరల నెత్తుకొనవలసినదే.

ఇందు తల్లిదండ్రుల దోషముకంటె వారి ప్రేమయే హెచ్చుగా నున్నదని మేమెరుగుదుము. తమ బిడ్డ పదిమందిలో చిన్నబోరాదనియే వారి తాపత్రయము. కాని దీనివలన కలుగు నష్టము స్వల్పమైనది కాదు. తాను చేయని పనిని తానే చేసితినని నలుగురి యెదుట చెప్పుటను బిడ్డ నేర్చుకొనుచున్నది. విజ్ఞానమనగా రొక్కమిచ్చి కొనదగిన వస్తువని నేర్చుకొనుచున్నది. కొనలేని యింటి బిడ్డ తాను నిజముగా చేసి తెచ్చిన మట్టిముంతను ఆ మెరుగుల ప్రక్క పెట్టుటకు సిగ్గుపడి, మరుసటి యేడు పాల్గొనుటయే మానుకొనుచున్నది. సత్యమును వెదకుటకై యేర్పడిన దినము అసత్యమునకు తొలిపాఠ మగుటకంటె విపరీత మేమున్నది?

ఈ దోషమునకు మూలము బొమ్మకును ప్రయోగమునకును గల భేదమును మనము మరచుటయే. బొమ్మ మనకు తెలిసియున్న సంగతిని చూపును. ప్రయోగము తెలియని సంగతిని ప్రకృతి నడుగును. బొమ్మలు నిరుపయోగములని మేమనము. ఆనకట్ట తీరును తెలుపుటకు ఆనకట్ట బొమ్మ మంచిదే. కాని ప్రశ్న లేని చోట ప్రయోగము లేదు. ప్రశ్న వేయుటకు ధనము వలదు, పెద్ద చదువును వలదు. ఆ శక్తి పసితనమున ఉన్నంత సమృద్ధిగా మరి యే వయస్సునను ఉండదు.

ప్రాథమిక పాఠశాల బిడ్డ ప్రశ్నకు విలువ యెంత యని శంకించువారికి అమెరికాలోని కొలొరాడో రాష్ట్రమున జరిగిన యొక వృత్తాంతమును జ్ఞాపకము చేయుచున్నాము. ఆ దేశమున కొందరు చికిత్సకులు రోగి దేహమును తాకకయే, దానికి కొంచెము ఎడముగా చేతులాడించి, దేహము చుట్టునున్న శక్తిని తమ అరచేతులతో గ్రహించి సరిదిద్దుదుమని చెప్పుచుండిరి. నాలుగవ తరగతి చదువుచున్న ఎమిలీ రోజా యను తొమ్మిదేండ్ల బాలికకు ఆ శక్తి వారి చేతులకు నిజముగా తెలియునా యని సందేహము కలిగినది. పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకు ఆ ప్రశ్ననే యెన్నుకొన్నది. ఒక అట్టను తెరగా నిలిపి, దానికి రెండు రంధ్రములు చేసి, చికిత్సకులను వానిగుండ రెండు చేతులును చాపి యుంచుమన్నది. తాను తెర కావల గూర్చుండి, నాణెమెగురవేసి, బొమ్మయో బొరుసో పడినదానినిబట్టి వారి కుడిచేతిమీదనో ఎడమచేతిమీదనో తన చేతిని తాకకుండ నుంచి, ‘ఏ చేతి మీద నున్నది?’ అని యడిగినది. 21 మంది చికిత్సకులను 280 మారులు పరీక్షింపగా వారు సరిగా చెప్పినవి 123 మాత్రమే. అనగా నూటికి 44. ఊరక ఊహించి చెప్పినను సగము, అనగా 140 వరకు సరిపడవలసియున్నది గదా!

ఈ పరిశోధన 1998వ సంవత్సరము ఏప్రిలు నెలలో అమెరికా వైద్యసంఘమువారి పత్రికలో ప్రకటింపబడినది. అప్పటి కాబాలికకు పదునొకండేండ్లు. దానిపై విమర్శలును వచ్చినవి. విమర్శకు నిలుచుటయు శాస్త్రధర్మములలో నొకటియే. ఇందు మనము గమనింపవలసిన దేమన, ఆమె తల్లి నర్సు. ఆమెయు మరి యిద్దరు పెద్దలును పత్రరచనలో పాలుపంచుకొని, ఆ బాలికతోపాటు తమ పేళ్లను బాహాటముగా ప్రకటించుకొనిరి. పరీక్ష మాత్రము బిడ్డదిగనే నిలిచినది. పరికరమో, ఒక అట్టముక్క, ఒక నాణెము!

మన దేశమునందును పెద్దల సహాయ మెట్లుండవలయునో తెలుపు ఉదాహరణము లేకపోలేదు. 1908వ సంవత్సర ప్రాంతమున బొంబాయిలో ఒక బాలుడు తాను కొట్టిన పిచ్చుక కంఠమున పసుపుపచ్చని మచ్చ యుండుట చూచి, ఇదేమి పిట్టయని మేనమామ నడిగెను. ఆయన తనకు తెలియదని తోసివేయక, ఉత్తరమిచ్చి ఆ బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లార్డు దొర ఆ పక్షి పేరు చెప్పుటయే గాక, సంఘమున భద్రపరచిన పక్షులనన్నిటిని సొరుగులు తెరచి చూపెను. ఆ బాలుడే పక్షిశాస్త్ర పారంగతుడు సలీం అలీ. మేనమామ గాని, మిల్లార్డు దొర గాని ఆ బాలుని పనిని తాము చేయలేదు, దారి తెరచిరి. అంతియే.

కావున ప్రాథమిక పాఠశాల బిడ్డలకు పెద్దలు చేయదగిన సహాయమును మేము నాలుగు విధములుగా నెంచుచున్నాము.

మొదటిది ప్రశ్నను చిన్నదిగా చేయుట. ‘మొక్క లెట్లు పెరుగును?’ అని బిడ్డ యడిగినచో దానికి జవాబు ఒక జన్మకు చాలదు. ‘నీరు ఎక్కువ పోసినచో పెసలు త్వరగా మొలచునా?’ అన్నచో వారము దినములలో వసారాలోనే తేలును. ఈ కుదింపునందు పెద్దల అనుభవ మక్కరకు వచ్చును.

రెండవది ఒక్క విషయమునే మార్చి తక్కినవన్నియు సమానముగా నుంచుట. మూడు ముంతలు తీసికొని, ఒక్కొక్కదానిలో ఇరువదేసి పెసలు వేసి, ఒకదానిని పొడిగా నుంచి, ఒకదానిని తడిగుడ్డతో కప్పి, ఒకదానిలో గింజలు మునుగునంత నీరు పోయవలయును. గింజలు ఒక్క సంచిలోనివే కావలయును. ముంతలు ఒక్కచోటనే యుండవలయును. మన రైతులకిది క్రొత్తగాదు. విత్తనములను తడి గోనెలో చుట్టి, నూటికెన్ని మొలచినవో లెక్కించి, ఆ పిమ్మట విత్తు రైతు ఈ పద్ధతినే యనుసరించుచున్నాడు. ఆ లెక్కను బిడ్డచేత చేయించినచో అదియే ప్రదర్శనయోగ్యమైన ప్రయోగము. నీట మునిగిన గింజలేమగునో మేమిచ్చట వ్రాయము. అది బిడ్డ తన కన్నులతో చూడవలసిన సంగతి.

మూడవది కొలుచుట, లెక్కించుట, వ్రాసియుంచుట. పెరటిలో ఒక నిట్రాటను నిలువుగా పాతి, పగలు పదునొకండు గంటల నుండి ఒంటిగంటన్నర వరకు పది నిమిషముల కొకమారు దాని నీడను కొలిచి వ్రాయుమని బిడ్డకు చెప్పి చూడుడు. గడియారము సరిగా పన్నెండు కొట్టునపుడు నీడ మిక్కిలి పొట్టిగా నుండునని మనమెల్లరము అనుకొందుము. హైదరాబాదున ఫిబ్రవరి నెలలో అట్లు జరుగదు; సుమారు పన్నెండున్నరకు గాని నీడ తన పొట్టి కొలతకు రాదు. ఏలన, మన గడియారములు తూర్పు రేఖాంశము ఎనుబదిరెండున్నర డిగ్రీలనుబట్టి నడచుచున్నవి. ఆ రేఖ కాకినాడ చేరువగా పోవుచున్నది. హైదరాబాదు దానికి పడమరగా నుండుటచే సూర్యుడు నడినెత్తికి వచ్చుటకు అచ్చట సుమారు పదునారు నిమిషములు ఆలస్యమగును. మిగిలిన ఆలస్యమునకు భూమి సూర్యుని చుట్టు సమవేగమున తిరుగకుండుటయు, దాని యిరుసు వంగియుండుటయు కారణములు. ఒక కర్ర, ఒక దారము, ఒక నోటుపుస్తకము - వీనితో మూడవ తరగతి బిడ్డ యింతటి విశేషమును పట్టగలదు. కారణము మరి రెండేండ్లకు తెలిసినను నష్టము లేదు. కొలత మాత్రము నేడే తనదగును.

నాలుగవది వచ్చిన ఫలితమును వచ్చినట్లే యుంచుట. పసుపును, సున్నమును కలిపి పారాణి చేయుట మన యిండ్లలో అనాదిగా నున్నది. పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన కాగితము ముక్కలపై సబ్బు నీరు, బూడిద తేరునీరు, చింతపండు పులుసు, మజ్జిగ చుక్కలు వేసి, ఏది ఎర్రబారునో బిడ్డ చూచుననుకొందము. చింతపండు పులుసునకు రంగు మారునని తలచిన బిడ్డ, మారకపోవుట చూచి చిన్నబుచ్చుకొనవచ్చును. ఆ సమయమున ‘మారలేదని వ్రాయుము; నీవు కనుగొన్నది అదియే’ అని చెప్పువారు వలయును. అనుకొన్నట్లు జరుగలేదని నిర్భయముగా వ్రాయనేర్చిన బిడ్డ ఆ దినమున పెద్ద చదువే చదివినట్లు.

ఇవిగాక, పెద్దలు తమ చేతులతో తామే చేయవలసిన పనియు ఒకటి కలదు. నిప్పు, పదునైన కత్తి, ఘాటైన ఆమ్లము, గోడలోని విద్యుత్తు - వీని చెంతకు పసివారిని ఒంటరిగా పోనీయరాదు. దీపము వెలిగించి చూపుటకు చిన్న బ్యాటరీలు చాలును. తక్కిన వేళలందు పెద్దలు చేతులు కట్టుకొని, ‘నీకేమి తోచుచున్నది? దానిని ఎట్లు తెలిసికొందము?’ అని యడిగి, జవాబు వచ్చువరకు ఓపిక పట్టవలయును. సహాయము లన్నిటిలో కష్టతరమైనది ఈ ఓపికయే.

ఇక మా పాఠకులలో పలువురు ఇట్టి సభలకు అతిథులుగను, న్యాయనిర్ణేతలుగను ఆహ్వానింపబడువారే. వారికొక మనవి. బహుమానము దేనికిత్తురో బిడ్డలు దానినే మరుసటి యేడు తెత్తురు. మెరుగునకిచ్చినచో మెరుగు వచ్చును. ప్రశ్నకిచ్చినచో ప్రశ్న వచ్చును. కావున బిడ్డ యప్పగించు పాఠమును విని తలయూపి సాగిపోక, మూడు మాట లడుగుడు: ‘ఈ సందేహము నీకెట్లు కలిగినది? నీవేమి యనుకొంటివి, ఏమి జరిగినది? మరల చేసినచో ఏమి మార్తువు?’ స్వయముగా చేసిన బిడ్డ తన యింటి మాటలలో, తప్పో ఒప్పో, తడుముకొనక చెప్పును.

వ్యయమునకును ఒక హద్దుండుట మేలు. అంగడిలో కొన్న తయారీ వస్తువులను అంగీకరింపమని ప్రధానోపాధ్యాయులు ముందుగనే చాటవలయును. కేంద్ర ప్రభుత్వమువారి ఇన్‌స్పైర్-మానక్ పథకమున ఎంపికైన విద్యార్థికి పదివేల రూపాయలు లభించును గాని, అది ఆరవ తరగతి మొదలుకొని పైవారికే. 1993వ సంవత్సరమున ఆరంభమైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు పది మొదలు పదునేడేండ్ల వారికై యేర్పడినది. అంతకు చిన్నవారికి ఆధారము ఊరి పెద్దలే. ఒక త్రాసు, ఒక ఉష్ణమాపకము, ఒక వర్షమాపకము, కొన్ని భూతద్దములు పాఠశాల కిచ్చుట మన భూస్వాములకును, వర్తకులకును భారమైన పనికాదు. చేని గట్టున రెండు మడులు బిడ్డలకు విడిచినచో అది ఇంకను మేలు. అట్టి పరికరములు అందరివియై యున్నప్పుడు ధనికుని బిడ్డయు పేదవాని బిడ్డయు ఒక్క బల్ల ముందర సమానముగా నిలువగలరు.

1976వ సంవత్సరమున మన రాజ్యాంగమునకు జరిగిన నలుబదిరెండవ సవరణమున, శాస్త్రీయ దృక్పథమును, తెలిసికొనవలెనను ఆసక్తిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధులలో నొకటిగా చేర్పబడినది. చట్టములో వ్రాసినంతమాత్రమున ఆ గుణము అలవడదు. చూచినదానినే చెప్పుట, చెప్పినదానికి సాక్ష్యము చూపుట, తెలియనిదానిని తెలియదనుట - ఇవి పసితనమున చేతికి అలవాటైననే పెద్దతనమున నోటికి వచ్చును. పుకారులు చేతిలోని ఫోనునుండి క్షణములో ఊరంతయు ప్రాకు ఈ దినములలో ఈ అలవాటు అందరికిని అవసరము.

కావున రానున్న ప్రదర్శనమున ప్రతి బల్లపైనను వస్తువు ప్రక్క బిడ్డ స్వహస్తముతో వ్రాసిన నోటుపుస్తకము ఉండవలయునని పాఠశాలలవారు నియమింతురుగాక. చూడబోవు పెద్దలు ముందుగా ఆ పుస్తకమును తెరచి చదువుదురుగాక. అందు అక్షరములు వంకరగా నుండవచ్చును, కొట్టివేతలు ఉండవచ్చును, పసుపు మరకలును ఉండవచ్చును. అట్టి పుస్తకమునకే మొదటి బహుమాన మిండని మా ప్రార్థన.